కదలకుండా ఎంతసేపు?

"మొదలు తోలే జాగ చెప్పుండ్రి మేడం. మట్టిలనా, తారురోడ్డు మీదనా? ఏ బగ్గీ కొనాలన్నది గండ్లనే సగం తేలిపోతది."

కర్ణాకర్ ఆ మాట ఎన్ని వందలసార్లు అని ఉంటాడో, గొంతులో హుషారు లేదు. మొబైల్ షాపు మీద మొదటి అంతస్తులో అతని కొట్టు. గోడల నిండా రిమోట్‌తో నడిచే బొమ్మ కార్లు, బగ్గీలు. చూసిపోయేవాళ్ళే తప్ప కొనేవాళ్ళు తక్కువ.

స్వరాజ్యం స్టూలు మీద కూర్చుని మోకాలు ఒత్తుకుంటోంది. పద్దెనిమిది మెట్లు ఎక్కి వచ్చింది. నాలుగేళ్ళ కిందట ఏఎస్ఐ ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకుంది. యాభై ఆరేళ్ళ వయసు. ఈ పనికి రోజుకో ఊరు, పూటకో మెట్ల వరస. గోడ గడియారం పదకొండూ ఐదు చూపిస్తోంది.

"తారురోడ్డు," అందామె. "రోడ్డు పక్కన గడ్డి. గడ్డిలకెల్లి లేసి అవతలికి దాటాలె."

"ఎన్ని చుట్లు కొట్టాలె?"

"ఒక్కసారి దాటితే సాలు."

కర్ణాకర్ ఆమె వంక అనుమానంగా చూసి, మళ్ళీ అలవాటైన పాఠంలోకి వచ్చాడు. "అట్లయితే పెట్రోల్‌ది వద్దు. లేవంగనే రొద చేస్తది, ఫర్లాంగు దూరం వినవడ్తది. కరెంటుదే తీసుకోండ్రి. నాలుగు చక్రాలు తిరిగేది కావాలె, లేకుంటె గడ్డిల జారుతది. మోటారు బ్రష్‌లెస్. ఆగిన కాన్నుంచి ఒక్క దూకుల పోతది."

"బ్యాటరీ?"

"గాడనే అందరు మోసపోయేది." అతను రెండు బ్యాటరీలు తీసి బల్ల మీద పెట్టాడు. "గిది నికెల్‌ది. అగ్గువ, మొండిది. కాని బరువు ఎక్కువ, సగం అయిపోంగనే నీరసపడ్తది. గిది లైపో. తేలిక. ఆఖరుదాక ఒక్క తీరు జోరుంటది. మూడు సెల్లులది, ఐదువేల ఎంఏహెచ్‌ది ఏసుకుంటె ఇరవై నిమిషాలు ఆగకుంట ఉరుకుతది. కాని పసిపిల్ల లెక్క చూసుకోవాలె. ఎక్కువ చార్జి చేసినా, ఊకె వదిలేసినా ఉబ్బుతది, అంటుకుంటది."

స్వరాజ్యం చేతిరుమాలు విప్పింది. అందులో వేలెడంత నల్లటి ప్లాస్టిక్ ముక్క ఉంది. ఒక చివర విరిగింది. లోపలి వైపు సన్నటి అక్షరాలు, అంకెలు అచ్చుపోసి ఉన్నాయి.

"దీన్ని ఏమంటరు?"

కర్ణాకర్ దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. "ముందు చక్రం ఆర్మ్. చక్రాన్ని పట్టుకునే చెయ్యి లెక్క. గీ నంబరు బగ్గీ నా దగ్గర్నే పోయింది. యాడ దొరికింది మేడం?"

"దౌల్తాబాద్ తొవ్వల ఒక మలుపు ఉంది. గాడ కాలువల. పదకొండో తారీఖు పొద్దుగాల ఆరూ ఇరవైకి ఆ మలుపుల ఇస్తారి అని ఒక గీత కార్మికుడు మోపెడ్ మీదికెల్లి పడి సచ్చిపోయిండు. ముందు చక్రం కింద ఏదో అడ్డమొచ్చింది. ఎనుకొచ్చిన పాలవ్యాను డ్రైవరు నల్లకుక్క అనుకున్నడు. అరవని, మొరగని కుక్క."

కర్ణాకర్ ముక్కను బల్ల మీద పెట్టేసి చేయి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నేను అమ్మిన అంతే మేడం."

"నిన్ను అంటలేను. ఎవరికి అమ్మినవ్?"

"ఈ ఏడు గా మోడలు మూడు పోయినయ్. రెండు హైదరాబాద్ రేసోళ్ళకు. ఒకటి…" అతను ఆగాడు. స్వరాజ్యం తొందరపెట్టలేదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆమె నేర్చుకున్నది ఒకటే, ఎదుటివాడు ఆగినప్పుడు తాను మాట్లాడకూడదు.

"వచ్చినోళ్ళందరు రెండే అడుగుతరు మేడం. ఎంత జోరుగ పోతది, ఎంతసేపు పోతది. గాయన ఒక్కడే, కదలకుంట ఎంతసేపు ఉంటదని అడిగిండు."

"నువ్వేం చెప్పినవ్?"

"ఆన్ చేసి ఊకె పెడితె ఏడెనిమిది గంటలు ఉంటదన్న. కాని కదలకుంట ఉంటె పది నిమిషాలకోసారి బీప్ బీప్‌మని అరుస్తది, మరిచిపోయిన్రేమోనని. అది బంద్ చేసియ్యమన్నడు. నేనే చేసిచ్చిన. పైన ఎర్ర డొప్ప ఉంటె, నల్ల రంగు కొట్టియ్యమన్నడు. రిమోట్ ఎంతదూరం అందుతదన్నడు. కండ్లకు కనవడితె నూరు మీటర్లు దాటినా అందుతదన్న."

"ఎప్పుడు?"

"మూడో తారీఖు. మల్ల పద్నాలుగున వచ్చిండు. ముందు ఆర్మ్ ఇరిగింది, జత కావాలన్నడు. ఇంకో బ్యాటరీ సుత కొన్నడు."

పద్నాలుగున. అంటే ఇస్తారి చచ్చిపోయిన మూడు రోజులకు. ఇవాళ పద్దెనిమిది. పని అయిపోయినవాడు బండిని బావిలో పారేస్తాడు గానీ బాగుచేసుకుని కొత్త బ్యాటరీ కొనడు. ఆ ఆలోచనకు స్వరాజ్యానికి అలసట ఇంకాస్త పెరిగింది.

"నంబరుందా?"

కర్ణాకర్ ఫోన్ తీసి చూపించాడు. వాట్సాప్‌లో చిన్న ఫొటో. తెల్ల చొక్కా వేసుకున్న మనిషి, వెనక పొడుగాటి కోళ్ళ షెడ్డు. పేరు 'వెంకటేశ్ కోళ్ళఫారం' అని ఉంది.

ఆ మొహం ఆమె ఎరుగును. రెండు నెలల కిందట పేపర్లన్నిటిలో వచ్చింది. వెంకటేశ్ భార్య ఉష డిసెంబర్ ఎనిమిదిన మాయమైంది. మూడు రోజులకు ఆమె నెత్తుటి చీర వెంకటేశ్ అన్న సిద్ధయ్య ట్రాక్టరు ట్రాలీలో దొరికింది. అన్నదమ్ములకు భూమి తగాదా ఉంది. మరదలిని చంపి కాలువలో పడేశాడని సిద్ధయ్యను జైల్లో పెట్టారు. శవం దొరకలేదు. ఆ కేసు తేల్చినందుకు ఇన్‌స్పెక్టర్ రత్నాకర్‌కు పై అధికారుల మెప్పు దొరికింది. ఇస్తారిది తాగి పడ్డ యాక్సిడెంటు అని మూసేసిందీ ఆయనే.

మెట్లు దిగాక, స్కూటర్ మీద కూర్చునే ఆయనకు ఫోన్ చేసింది. పదకొండూ ఇరవై.

"చెప్పుండ్రి స్వరాజ్యం మేడం." ఆవలింత స్పష్టంగా వినిపించింది.

"సార్, ఇస్తారి బండి కింద పడ్డది కుక్క గాదు. రిమోట్ బగ్గీ. కొన్నది వెంకటేశ్."

ఆవలింత ఆగిపోయింది. "ఏ వెంకటేశ్? పెండ్లాం సచ్చిపోయిన వెంకటేశా? మేడం, మీకు రెస్ట్ కావాలె."

"కావాలె సార్. నాలుగింటికి మలుపుకాడికి వస్త. మీరు సుత రాండ్రి. అయినంక రెస్ట్ తీసుకుంట."

*

బాలవ్వ గడపలో కూర్చుని ఉంది. ఇస్తారి భార్య. ఆరు రోజుల కిందట స్వరాజ్యం దగ్గరికి వచ్చినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. తాగి చచ్చాడని రాసిన రాత కొట్టేయించాలని.

"నా పెనిమిటి ముప్పై ఏండ్లు తాళ్ళెక్కిండు మేడం. కల్లు గీసిండు గని నోట్ల పోసుకోలె. తాగెటోడు తాడెక్కుతడా? ఒక్కపారి తూలితె సాలు కదా." ఇవాళ కూడా అదే మాటతో మొదలుపెట్టింది.

"నాకెరుకే బాలవ్వా. క్యానులు పగిలి కల్లంత మీద పడ్డది. అందుకే వాసనొచ్చింది. ఇయ్యాల వేరేది అడగనీకె వచ్చిన. ఆయన పొద్దుగాల ఎన్ని గంటలకు ఇల్లు దాటేటోడు?"

"నాలుగున్నరకు. ఆరుంబావుకు ఆఖరు చెట్టు దిగుడు. ఆరున్నరకు దుకాణంకాడ క్యానులు దించుడు. వానొచ్చినా గంతే."

"ఆఖరు చెట్టు ఏది?"

"కల్వర్టు పక్కపొంటి పోద్దాడు, మొగ తాటిచెట్టు. కల్లు బాగ పారుతది." బాలవ్వ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "పారుతది గని, పోయిన నెల ముప్పై తారీఖుకెల్లి దాన్ని ఎక్కుడు బంద్ చేసిండు."

స్వరాజ్యం పెన్ను ఆపింది. "పారే చెట్టును ఎందుకు ఇడిసిపెట్టిండు?"

"అడిగిన. ఏం చెప్పలె. ఆ దినం అన్నం సుత తినలె. ఆ చెట్టు మీదికెల్లి చూడొద్దె, అన్నడు. కండ్లు మోసం చేస్తున్నయేమో, అద్దాలు పెట్టుకోవాలె, అన్నడు. మల్ల నవ్విండు."

"ఇంకెవరికన్న చెప్పిండా?"

"మూడొద్దులకు వెంకటేశ్ సారు తొవ్వల కలిస్తె ఆయన్నే అడిగిండట, మీ షెడ్డుల ఎవరన్న ఉంటున్నరా అని. ఎవరు లేరు, షెడ్డు ఖాళీగున్నది అన్నడట. గంతే."

ఫిబ్రవరి రెండో తేదీన అడిగాడు. మూడో తేదీన బగ్గీ అమ్ముడైంది. స్వరాజ్యం ఆ రెండు తేదీలూ పక్కపక్కన రాసుకుని వాటి వంక చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు ఆ చెట్టు ఎవలు ఎక్కుతున్నరు?"

"మా తమ్ముడు మైసయ్య. ఇన్నొద్దులు మిగిలిన చెట్లే గీసిండు. గది రేపటికెల్లి మొదలు పెడ్తనన్నడు."

"రేపు గాదు," అంది స్వరాజ్యం లేస్తూ. "ఇయ్యాల నేను చెప్పినంకనే ఎక్కమను. నాలుగింటికి చెట్టు కిందనే ఉండుమను. మోపెడ్ తేవొద్దను, నడిచి రమ్మను."

*

నాలుగుకు ఐదు నిమిషాలుండగా ఆమె స్కూటర్ కల్వర్టు దగ్గర ఆగింది. మైసయ్య తాటిచెట్టు మొదట్లో మోకు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. మలుపు అక్కడికి నూరడుగుల ముందుంది. దగ్గరే కనుక స్కూటర్‌ను అక్కడే స్టాండు వేసి నడిచింది.

మలుపుకు ఎడమవైపు గడ్డి, కాలువ. కుడివైపు వెంకటేశ్ కోళ్ళఫారం ప్రహరీగోడ. రోడ్డు వెడల్పు తొమ్మిది అడుగులేసి కొలిచింది. తారు మీద మోపెడ్ జారిన గీత ఇంకా సన్నగా కనిపిస్తోంది. గీత మొదలయ్యేచోటికి సూటిగా గోడ కింద నీళ్ళు పోవడానికి వదిలిన తూము ఉంది. జానెడున్నర ఎత్తు. తూము ముందు మట్టిని ఎవరో చదును చేసి, రోడ్డు అంచుదాకా చిన్న వాలులా తీర్చారు.

ఆమె తూము పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, అక్కడి నుంచి తలెత్తి చూసింది. ఈ వాలూ, ఈ మలుపూ రెండూ ఒకేసారి కనబడాలంటే మనిషి ఎక్కడ ఉండాలి? గోడ ఎత్తుగా ఉంది. రోడ్డు మీద దాక్కునే చోటు లేదు. గోడ పైనుంచి ఒక్కటే కనిపించింది. అరవై అడుగుల అవతల, కోళ్ళ షెడ్డుకు పైభాగాన ఉన్న చిన్న కిటికీ. దానికి ఒక పక్క జాలీ కత్తిరించి ఉంది.

వెనక జీపు ఆగింది. రత్నాకర్ ఒక్కడే దిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రాత్రుల బందోబస్తు డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

"మేడం, ఇరవై ఏండ్ల కింద పంచనామా రాసుడు నాకు మీరే నేర్పిన్రు. ఆ ఇజ్జత్‌తోనే వచ్చిన. పది నిమిషాలు. చెప్పుండ్రి."

"పంచనామాల కల్లు వాసన అని రాసిన్రు. పగిలిన క్యానుల సంగతి రాయలె."

"మరిచిపోయిన్రు మా వాళ్ళు."

"కుక్క అడ్డమొచ్చిందని రాసిన్రు. కుక్కకు పార్టు నంబరుంటదా సార్?" ఆమె ప్లాస్టిక్ ముక్కను అతని అరచేతిలో పెట్టింది. "మూడున బగ్గీ కొన్నడు. పదకొండున గిది గీడ ఇరిగింది. పద్నాలుగున గీ ముక్కకు జత కొన్నడు. మనిషి ఒక్కడే, నంబరు ఒక్కటే."

రత్నాకర్ ముక్కను తిప్పి చూశాడు. ఒక్క క్షణం అతనిలోని పాత ఎస్సై బయటికి వచ్చినట్టనిపించింది. అంతలోనే తల ఊపాడు.

"బొమ్మకారు కొనుడు నేరం గాదు మేడం. ఇంకొకటి ఇనుండ్రి. పదకొండో తారీఖు పొద్దుగాల ఆరింటికి వెంకటేశ్ సిద్దిపేటల, మా ఇంటి ముందట ఉండె. చార్జిషీటుకు సాక్షుల పేర్లు ఇయ్యనీకె వచ్చిండు. ఏడింటిదాక కూసున్నడు. చాయ్ నేనే తాపిన. ఇస్తారి పడ్డది ఆరూ ఇరవైకి. రిమోట్ సిద్దిపేటకెల్లి అందుతదా?"

"అందది."

"మరి?"

"పొద్దుగాల ఆరింటికి ఇన్‌స్పెక్టరు ఇంటికి ఎవడొస్తడు సార్? తన సాక్షిగ మీరే ఉండాలని వచ్చిండు. కొన్నది ఆయన. తోలింది ఇంకొకరు."

"ఎవరు?" రత్నాకర్ గొంతు పెంచాడు. అలసినవాడి కోపం అది, ఎక్కువసేపు నిలబడదు. "ఆ ఫారంల పనోడు సుత లేడు. కోళ్ళు అమ్మి మూడు నెలలాయె. పెండ్లాం సచ్చింది. అన్న జైల్ల ఉన్నడు. ఆ ఇంట్ల ఇంకో మనిషి లేడు మేడం! ఒక్కగానొక్కడు. ఆయన మీద మీరు ఇంకో హత్య రుద్దుతున్నరు."

స్వరాజ్యం కల్వర్టు వైపు తిరిగి చెయ్యి ఊపింది. మైసయ్య మోకు చెట్టుకు చుట్టి, నడుముకు బిగించుకుని ఎక్కసాగాడు.

"గాయన ఎందుకు ఎక్కుతుండు?"

"ఇస్తారి ఏం చూసి ఈ చెట్టు ఇడిసిపెట్టిండో చూడనీకె."

అప్పుడే ఫారం గేటు కిర్రుమంది. వెంకటేశ్ బయటికి వచ్చాడు. తెల్ల చొక్కా, ఉతికిన లుంగీ. రెండు చేతులూ జోడించి నవ్వబోయి, మధ్యలో మానుకున్నాడు.

"సార్, ఎండల నిలబడ్డరేంది? లోపలికి రాండ్రి. మేడం, మీరు సుత." అతని కళ్ళు స్వరాజ్యం మీంచి కల్వర్టు దగ్గరి స్కూటర్ మీదికి పోయి, మళ్ళీ ఆమె మీదికి వచ్చాయి. "బండి గాడనే పెట్టిన్రేం?"

ఆ ప్రశ్న స్వరాజ్యానికి నచ్చలేదు. స్కూటర్ ఎక్కడ పెడితే ఇతనికెందుకు?

ఆమె మళ్ళీ తూము దగ్గరికి వెళ్ళింది. ఈసారి వంగి లోపలికి చూసింది. తూములో, గోడ నీడలో, రోడ్డు వైపు మూతి పెట్టుకుని ఒక నల్లటి బగ్గీ ఉంది. డొప్ప కింద సన్నటి పచ్చలైటు వెలుగుతోంది. ముందు ఎడమ చక్రం ఆర్మ్ మిగతా వాటికన్నా కొత్తగా, మెరుస్తూ ఉంది.

"సార్," అంది మెల్లగా. "రాండ్రి. చూడుండ్రి."

రత్నాకర్ వచ్చి వంగాడు. వెంకటేశ్ అడుగు వెనక్కి వేశాడు.

"గది… ఎవరి పిల్లలదో ఉంటది సార్. తొవ్వల పోయేటోళ్ళు…"

"లైటు వెలుగుతుంది," అంది స్వరాజ్యం. "ఆన్‌ల ఉన్నది. మీ రెండు చేతులు ఖాళీగున్నయ్ వెంకటేశ్. రిమోట్ ఎవరి తాన ఉన్నది?"

బగ్గీ ముందు చక్రాలు రెండూ ఎడమకు తిరిగాయి. కొద్దిగా కుడికి వచ్చాయి. మళ్ళీ ఎడమకు. బండి కదలలేదు. చక్రాలు మాత్రం వణుకుతున్నట్టు తిరుగుతున్నాయి.

రత్నాకర్ చటుక్కున నిటారుగా నిలబడి వెంకటేశ్ వైపు చూశాడు. జోడించిన చేతులు జోడించినట్టే ఉన్నాయి.

పైనుంచి కేక వినిపించింది.

"మేడం!" మైసయ్య చెట్టు తలదాకా ఎక్కి, ఒక చేత్తో మట్ట పట్టుకుని ఉన్నాడు. "షెడ్డు కిటికీల మనిషి ఉన్నది! ఆడమనిషి! చేతుల ఏదో పట్టుకొని మీ దిక్కే చూస్తుంది!"

"ఎవరో గుర్తువడ్తున్నదా?" స్వరాజ్యం అరిచింది.

మైసయ్య ఇంకాస్త ముందుకు వంగాడు. చెట్టు మీద మోకు కిర్రుమనడం ఇక్కడిదాకా వినిపించింది.

"మేడం… గది… సచ్చిపోయిన ఉషక్క!"

వెంకటేశ్ గేటు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. పరుగెత్తే ప్రయత్నం కూడా చేయలేదు. రత్నాకర్ అతని వైపు కాదు, షెడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. అరవై తొమ్మిది రోజులుగా ఒక మనిషిని ఈమెను చంపాడని జైల్లో ఉంచాడు. నెత్తుటి చీర తన చేత్తోనే సీలు చేశాడు. ఆ రక్తం ఉషదేనని వచ్చిన రిపోర్టు తన బల్ల మీదే ఉంది. చేయి కోసుకుంటే ఎవరి రక్తమైనా వస్తుందన్న ఆలోచన ఆ రోజు అతనికి రాలేదు.

"సార్," అంది స్వరాజ్యం. "కదలుండ్రి."

వాళ్ళు లోపలికి వెళ్ళాల్సిన అవసరం రాలేదు. షెడ్డు తలుపు తెరుచుకుని ఉష తనే బయటికి వచ్చింది. ఎండ మొహం చూడని మనిషి, రంగు పాలిపోయి ఉంది. ఎడమ చేతికి మానిన పొడుగాటి గాటు. కుడిచేతిలో రిమోట్. ఎండకు కళ్ళు చిట్లించుకుంటూ, ఆ వెలుగులో నిలబడటమే పెద్ద పని అయినట్టు ఆగి ఆగి నడిచి వచ్చింది. రిమోట్‌ను రత్నాకర్ చేతిలో పెట్టింది.

"యాష్టకొచ్చింది సార్," అంది. "గా షెడ్ల పొద్దు తెల్వది, మాపు తెల్వది. పది గుంటల భూమికోసం నేను సచ్చినట్టుండుమన్నడు. మీ బావ జైలుకు పోతడు, మల్ల పూనకు పోయి బతుకుదమన్నడు. ఆరునెలలన్నడు. ఒకనాడు తలకు పోసుకోని, ఎంటికలు ఆరవెట్టనీకె బైట వెలుతురుకు నిలబడ్డ. ఇస్తారి చూసిండు."

"నువ్వే తోలినవా ఆ దినం?" స్వరాజ్యం అడిగింది.

ఉష తల ఊపింది. "షెడ్ల వారం దినాలు తోలి నేర్చుకున్న. పడ్తడు, కాలో చెయ్యో ఇరుగుతదనుకున్న. మంచాన పడ్తె చెట్టెక్కడనుకున్న. సస్తడనుకోలె." ఆమె తాటిచెట్టు వైపు చూడలేదు. నేలవైపు చూస్తూనే అంది. "ఇయ్యాల మైసయ్య కోసం గాదు. మీకోసం పెట్టినం మేడం. మూడింటికెల్లి రిమోట్ పట్టుకొని కూసున్న. మీరు బండి గాడనే ఆపి నడిచొచ్చిన్రు. నా చెయ్యి వణుకుడు మొదలువెట్టింది."

స్వరాజ్యం కల్వర్టు దగ్గరి స్కూటర్ వైపు చూసింది. మైసయ్యను చెట్టు కింద ఉండమని చెప్పకపోతే ఆమె స్కూటర్ ఆగేది మలుపు తిరిగాకే.

"నాలుగింటికి నేను గీడికొస్తున్ననని మీకెవరు చెప్పిన్రు?"

ఉష మొగుడి వైపు చూసింది. వెంకటేశ్ తలెత్తలేదు. స్వరాజ్యం నాలుగింటికి వస్తున్నట్టు బాలవ్వకూ, మైసయ్యకూ తప్ప ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. పదకొండూ ఇరవైకి ఒక్కరికి మాత్రం ఫోన్‌లో చెప్పింది.

"నేను," అన్నాడు రత్నాకర్.

అతను రిమోట్‌ను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"మీరు ఫోన్ పెట్టంగనే ఆయనకు చేసిన. పెండ్లాం పోయిన మనిషి, మీరొచ్చి సతాయిస్తె బాధపడ్తడని. 'నాలుగింటికి మేడం స్కూటర్ మీద మలుపుకాడికొస్తది, ఏమనుకోకు, నేను సుత వస్త' అన్న. థాంక్స్ సార్ అన్నడు." అతను రిమోట్ మీంచి తలెత్తాడు. "మేడం, నేను…"

"బేడీలు తెచ్చిన్రా సార్?"

"జీపుల ఉన్నయ్."

అతను వెళ్ళి తెచ్చాడు. వెంకటేశ్ చేతికి ఒకటి, ఉష చేతికి ఒకటి వేశాడు. మైసయ్య చెట్టు దిగి, రోడ్డుకు అవతలే, వాళ్ళకు దూరంగా నిలబడ్డాడు. తన బావను చంపిన మనిషినీ, చచ్చి బతికిన మనిషినీ ఒకే మొహంలో చూడటం అతనికి చేతకావడం లేదు.

రత్నాకర్ జీపు తాళంచెవి స్వరాజ్యం ముందు చాపాడు.

"మీరు తోలుండ్రి మేడం. నా చేతులు ఆడ్తలెవ్వు. నేను ఎనుక, వీళ్ళ పక్కన కూసుంట. మొదలు జైలుకాడికి పోనియ్యుండ్రి. సిద్ధయ్యను ఇడిపించనీకె నేను ఏడ సంతకం పెట్టాల్నో, ఎవరి కాళ్ళు మొక్కాల్నో తొవ్వల చెప్పుండ్రి."

ఆమె తాళంచెవి అందుకుంది.